శ్రీశైలం అడవి దారిలో సొంత బండ్లకు పరిమితి పెట్టాలా?

అచ్చంపేట మాస్టారు (చర్చ మొదలుపెట్టినవారు)

సూటిగా అడుగుతున్నా. మన్ననూర్ చెక్‌పోస్టు దాటినప్పటి నుంచి దోమలపెంట దాకా సుమారు 60 కిలోమీటర్ల దారి మొత్తం అమ్రాబాద్ టైగర్ రిజర్వులోంచే పోతుంది. డ్యామ్ దాటి శ్రీశైలం, అక్కడి నుంచి దోర్నాల దిగేదాకా నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వు. ఈ దారిలో సరదాగా గడపడానికి వచ్చే కార్లకూ బైకులకూ రోజుకు ఇన్నే అని లెక్క పెట్టాలా, వద్దా? పెట్టాలన్నది నా మాట.

రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేట్లు మూస్తున్నారు, మంచిదే. కానీ ఆరింటికి గేటు ఎత్తగానే బారులు తీరిన బండ్లన్నీ ఒక్కసారిగా అడవిలో పడుతున్నాయి. అది దుప్పులు, కణుతులు, అడవిపందులు రోడ్డు దాటే సమయం. వానాకాలంలో ఎగువ నుంచి వరద వచ్చి డ్యామ్ గేట్లు లేపారని టీవీలో చూపిస్తే చాలు, ఆ శని, ఆదివారాలు దోమలపెంట నుంచి లింగాలగట్టు దాకా ఘాట్‌లో బండి కదలదు. ఆగినచోటే పాటలు పెట్టుకుంటారు, రాళ్లపొయ్యి పెట్టి వండుకుంటారు, సీసాలు లోయలోకి విసురుతారు. కోతులకు తిండి పెట్టొద్దని బోర్డు ఉంటుంది, ఆ బోర్డు కిందనే నిలబడి చిప్స్ వేస్తుంటారు.

ఇంకో సంగతి చూడండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా అటవీ శాఖ సఫారీ ఆపేస్తుంది, అడవికి ఆ మూడు నెలలు విశ్రాంతి ఇవ్వాలని. రోడ్డు మీద ఏడాదిలోకెల్లా ఎక్కువ రద్దీ ఉండేదీ ఆ నెలల్లోనే. గైడు వెంట ఉన్న పది జీపులను ఆపి, గైడు లేని వేల కార్లను వదిలేస్తే అడవికి దొరికిన విశ్రాంతి ఏది?

నేననేది ఇది. విహారానికి వచ్చేవాళ్లు బండి మన్ననూర్‌లో పెట్టాలి, అటు నుంచి వచ్చేవాళ్లు దోర్నాలలో పెట్టాలి. లోపలికి బస్సుల్లో పోవాలి. ఫర్హాబాద్ వ్యూపాయింట్, మల్లెలతీర్థం, ఆక్టోపస్ వ్యూపాయింట్, డ్యామ్, పాతాళగంగ, అన్నింటి దగ్గరా దిగి ఎక్కే ఏర్పాటు ఉండాలి. లోపలి ఊళ్లవాళ్లకు, అంబులెన్సులకు, సరుకు బండ్లకు ఈ లెక్క వర్తించకూడదు. ఒప్పుకోనివాళ్లు ఎందుకు ఒప్పుకోరో రాయండి.

బుల్లెట్ బాట

మాస్టారూ, మీ బాధ నిజం. మందు మాత్రం తప్పు.

నేను హైదరాబాద్‌లో ఉంటా, నల్లమలకు తరచూ బండి మీదే వస్తా. ఇది 765 నంబరు జాతీయ రహదారి. రెండు రాష్ట్రాలను కలిపే దారి. దీని మీద నేను పోవాలంటే ముందు రోజు ఫోన్‌లో స్లాట్ తీసుకోవాలా? తాగి సీసా పగలగొట్టినవాడిని పట్టుకోలేక, పగలగొట్టనివాడినీ కలిపి ఆపుతామంటే అది పరిపాలన చేతకాకపోవడం. స్పీడ్ కెమెరాలు పెట్టండి. రోడ్డు పక్క ఆపితే జరిమానా వేయండి. రెండు నెలలు గట్టిగా అమలు చేస్తే సగం రద్దీ దానంతటదే తగ్గుతుంది, ఎందుకంటే తాగడానికి వచ్చేవాళ్లు వేరే చోటు వెతుక్కుంటారు.

ఇంకోటి. అడవికి పెద్ద దెబ్బ మా బైకుల వల్లే తగులుతోందన్నట్టు మాట్లాడటం న్యాయమా? ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం 43 కిలోమీటర్లకు పైగా ఈ రిజర్వు కిందనుంచే తవ్వుతున్నారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర పైకప్పు కూలి ఎనిమిది మంది కార్మికులు చిక్కుకుపోతే దేశమంతా ఇటే చూసింది. ఇప్పుడు మన్ననూర్ నుంచి శ్రీశైలం వైపు ఎలివేటెడ్ కారిడార్ కట్టాలని ప్రతిపాదన. స్తంభాలు దించాలంటే అడవిలో ఎన్ని చెట్లు పోవాలి, ఎన్నేళ్లు యంత్రాలు నడవాలి? వాటి మీద రాయాల్సిన వేడి అంతా మా సైలెన్సర్ మీద పెడుతున్నారు.

2019లో యురేనియం అన్వేషణ వద్దని రాష్ట్రమంతా లేచిందంటే, ఈ అడవిని ఒక్కసారైనా కళ్లతో చూసినవాళ్లు అంతమంది ఉండబట్టే. జనాన్ని దూరంగా పెట్టిన అడవి కోసం జనం ఎందుకు నిలబడతారు?

ఆత్మకూరు శివయ్య

అందరికీ నమస్కారం. మాది ఆత్మకూరు. మాకు శ్రీశైలమంటే వ్యూపాయింట్ కాదు.

శివరాత్రికి మా ఊరి మీదుగా వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా నడిచిపోయే జనాన్ని ఎప్పుడైనా చూసినారా? ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చే భక్తులైతే వందల కిలోమీటర్లు నడిచి ఇదే అడవి దాటుతారు. అమ్మవారిని వాళ్లు తమ ఆడబిడ్డ అంటారు, పుట్టింటి సారె తెస్తారు. వాళ్లకు దారిలో అన్నం పెట్టడం, కాళ్లకు నూనె రాయడం మా ఊళ్లలో పుణ్యం. ఆ జనం కొన్ని వందల ఏళ్లుగా నడుస్తున్నారు, పులి కూడా అక్కడే ఉంది.

మల్లన్న దగ్గరికి పోయేవాడు భక్తుడా, విహారానికి వచ్చినవాడా అని మన్ననూర్ గేటు దగ్గర ఎవరు తేలుస్తారప్పా? మా చెల్లెలు పిల్లలతో వస్తుంది. పొద్దున అభిషేకం, మధ్యాహ్నం రోప్‌వే మీద పాతాళగంగ, సాయంత్రం పడవలో అక్కమహాదేవి గుహలు. ఆమె ఏ లెక్కలోకి వస్తుంది? ముసలమ్మను, చంటిబిడ్డను పెట్టుకొని వచ్చేవాళ్లను కారు దింపి బస్సు ఎక్కమంటే ఎట్లా?

తాగి వచ్చేవాళ్ల మీద మీకున్న కోపం మాకూ ఉంది. అది వేరే సంగతి.

పాత బేస్‌క్యాంప్

అటవీ శాఖలో కింది స్థాయిలో పనిచేసి రిటైరైనవాణ్ని. శాఖ తరఫున మాట్లాడటం లేదు, చూసింది రాస్తున్నా.

ముందు చట్టం సంగతి. 2012 జూలైలో సుప్రీంకోర్టు పులుల రిజర్వుల కోర్ ప్రాంతాల్లో, అంటే పులి కోసం వదిలిన లోపలి అడవిలో, టూరిజం మొత్తం ఆపేసింది. అక్టోబరులో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చాక మళ్లీ అనుమతించింది. వాటి ప్రకారం కోర్‌లో టూరిజానికి వాడే భాగం 20 శాతం దాటకూడదు. ఆ ప్రాంతం ఎన్ని బండ్లను మోయగలదో లెక్కకట్టి దాన్నిబట్టే అనుమతించాలి. సఫారీకి ఈ లెక్క ఉంది. హైవే మీద ఆగి చెట్ల కింద చాప పరుచుకునేవాళ్లకు ఏ లెక్కా లేదు. వాళ్లు చేసేదీ టూరిజమే కదా. మాస్టారు అడిగేది కొత్త రూలు కాదు, ఉన్న రూలును రోడ్డు దాకా తీసుకురమ్మని.

శివయ్య గారూ, మీ భక్తుల మాట నిజమే. కాలినడకన పోయే మనిషిని జంతువు పసిగట్టి పక్కకు తప్పుకుంటుంది. కారును తప్పుకోలేదు. దారిలో చచ్చిపడేవి ఎక్కువగా జనం ఊహించేవి కావు. పాములు, ఉడుములు, ముళ్లపందులు, పునుగుపిల్లులు, కోతులు. కోతులు మరీ ఎక్కువ, ఎందుకంటే తిండి కోసం రోడ్డు అంచునే కూర్చోవడం వాటికి మనమే నేర్పాం. పిల్లను పొట్టకు కరిపించుకున్న తల్లి కారు కిటికీ వైపు వస్తుంది, వెనక వచ్చే బండికి కనపడదు. నేను పనిలో ఉన్నప్పుడు పొద్దున రౌండ్లో ముందు చేసే పని వాటిని రోడ్డు మీంచి తీసి పక్కన పెట్టడం. ఎందుకంటే వాటి కోసం నక్కలూ గద్దలూ వస్తాయి, అవీ చచ్చిపోతాయి.

కణితి పెంటికలు చిదిపి చూస్తే లోపల వెండిరంగు చిప్స్ కవరు ముక్కలు కనబడేవి. ఉప్పు వాసనకు నమిలేస్తాయి. అది కడుపులో ఏం చేస్తుందో పశువుల డాక్టరును అడగండి.

నిప్పు సంగతి కూడా చెప్పాలి. ఫిబ్రవరి నుంచి మే దాకా నల్లమల అంటే ఎండుగడ్డి, రాలిన ఆకు. ఆరకుండా వదిలిన పొయ్యి ఒకటి చాలు. ఫైర్‌లైన్ (మంట దాటకుండా గడ్డి, ఆకు తీసేసిన దారి) వేసేది, కొమ్మలతో కొట్టి మంట ఆర్పేది చెంచు వాచర్లు. వండుకున్నవాళ్లు అప్పటికి ఇంటికి చేరిపోయి ఉంటారు.

అట్లాంటా అరుణ

నేను జార్జియా రాష్ట్రంలో ఉంటాను. ఊరికి ఉత్తరాన చాటహూచీ నేషనల్ ఫారెస్ట్, దగ్గర్లోనే చాటహూచీ నది మీద బ్యూఫోర్డ్ డ్యామ్ కట్టడంతో 1950ల్లో ఏర్పడిన లేక్ లేనియర్ జలాశయం. వేసవి వారాంతాల్లో అక్కడా మన తెలుగువాళ్లే బోలెడంత మంది. అందుకే ఈ చర్చ చదువుతుంటే రాయాలనిపించింది.

అక్కడ నాకు నచ్చింది ఒకటే. అడవిని జనానికి తెరిచి పెట్టారు, కానీ ఎక్కడ ఏం చేయాలో గీత గీసి పెట్టారు. పార్కింగ్‌కు రుసుము ఉంటుంది, నిండిపోతే వెనక్కి పంపేస్తారు, వాదించేవాళ్లు ఉండరు. పొయ్యి పెట్టడానికి ఇనుప చట్రాలు ఉన్నచోటే పెట్టాలి. కొండల మీద నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి కాబట్టి, బ్లడ్ మౌంటెన్ దగ్గర గుడారం వేసుకునేవాళ్లు తిండిని ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలో దాచాలనే నియమం తెచ్చారు. పిల్లలు నడవడానికి గుర్తులు వేసిన కాలిబాటలు లెక్కలేనన్ని.

మన దగ్గర ఒక కుటుంబం అడవిలో ఒక గంట హాయిగా నడవాలంటే దారి ఏది? రోడ్డు పక్కన ఆగడం తప్ప వేరే అవకాశం ఇవ్వకుండా, రోడ్డు పక్కన ఆగుతున్నారని తిట్టడం నాకు సబబుగా లేదు. సందర్శకులకు చోటు పెంచండి, మరుగుదొడ్లు కట్టండి, అప్పుడు నియమం పెట్టండి.

పాత బేస్‌క్యాంప్

అరుణమ్మా, మంచి మాట చెప్పారు, మరుగుదొడ్ల సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. ఆడవాళ్లు ఆ 60 కిలోమీటర్లు పడే ఇబ్బంది ఎవరూ పట్టించుకోలేదు.

కానీ మీ దగ్గర నేషనల్ ఫారెస్ట్ అంటే కలప, వేట, విహారం, నీళ్లు అన్నింటికీ వాడుకోవడానికి పెట్టిన అడవి. నల్లమల కోర్ అలాంటిది కాదు, పులి పిల్లలు పెట్టుకోవడానికి మనుషుల వాడకం తగ్గించిన చోటు. మీరు పోల్చాల్సింది జనం గుంపులు తట్టుకోలేక కార్లు ఆపేసిన మీ జాతీయ పార్కులతో. జయన్ పార్కులో 2000 నుంచి రద్దీ కాలమంతా కార్లు లోయలోకి రానివ్వరు, అందరూ షటిల్ బస్సే ఎక్కాలి. మాస్టారు అడిగేది అదే.

ఫర్హాబాద్ చెంచు పిల్లగాడు

నేను చెంచును. డిగ్రీ చదువుతున్న. సెలవుల్లో గైడు పనికి పోత.

ఇంతసేపటి నుంచి చదువుతున్న. పులి గురించి రాసిన్రు, భక్తుల గురించి రాసిన్రు, బైకుల గురించి రాసిన్రు. ఈ అడవిల పెంటల్ల, అంటే మా చెంచు గూడేలల్ల, ఉండేటోళ్ల గురించి మంట ఆర్పేకాడ ఒక్క ముక్క వచ్చింది.

కోర్ ఏరియాల ఉన్న ఊళ్లోళ్లు బయటికి పోవాలె, కుటుంబానికి 15 లక్షలు ఇస్తమని పునరావాసం మాట నడుస్తున్నది. సార్లపల్లి, వటవర్లపల్లి వైపు ఇది అందరికీ తెల్సిన ముచ్చట. మేముంటే పులికి ఇబ్బంది అంటరు. మా అమ్మ తేనెకు, తపసి జిగురుకు, గడ్డలకు అడవిలకు పోయి జీసీసీకి (గిరిజన సహకార సంస్థకు) అమ్ముకుంటది. ఆమె నడిస్తే పులికి ఇబ్బంది. శనివారం పొద్దుగాల వేల కార్లొస్తే అది టూరిజం. మీరు ఏ పక్కన వాదించినా ముందు దీనికి జవాబు చెప్పున్రి.

బుల్లెట్ అన్నా, 2019ల యురేనియం మీద నువ్వన్నది సగమే నిజం. ఫోన్లల్ల పోస్టులు పెట్టిన్రు, మేలే జరిగింది, కాదనను. కానీ ముందుగాల అమ్రాబాద్, పదర, మన్ననూర్ జనం రోడ్డు మీద కూసున్నరు. సెప్టెంబరుల అసెంబ్లీ తీర్మానం చేసిందంటే ఆ కూసున్నోళ్ల వల్ల.

మాస్టారూ, మీ బస్సు మంచిదే. ఆ బస్సు ఎవరిది? డ్రైవరు ఎవరు, గైడు ఎవరు, టికెట్ పైసలు ఎటు పోతయ్? హైదరాబాద్ కాంట్రాక్టరు చేతిల పెట్టేటట్టయితే నేను బుల్లెట్ అన్న దిక్కే నిలబడత.

దోమలపెంట టిఫిన్స్

మాది చిన్న హోటల్. ఇడ్లీ, పూరి, మధ్యాహ్నం భోజనం. మా కడుపు నిండేది ఆ శని, ఆదివారాలతోనే. మిగతా ఐదు రోజులూ కరెంటు బిల్లు కూడా రాదు.

బస్సు పెడితే మా దగ్గర ఆగుతుందా, సూటిగా టూరిజం వాళ్ల హరిత హోటల్ ముందు ఆగుతుందా? ఈగలపెంట, దోమలపెంటల్లో బజ్జీల బండి నుంచి పంచర్ షాపు దాకా ఎంతమంది బతుకుతున్నారో మాస్టారు ఒకసారి వచ్చి చూడాలి. ప్రాజెక్టు కట్టేటప్పుడు పనులకు వచ్చి ఇక్కడే నిలిచిపోయిన కుటుంబాలు మావి. మా పిల్లలకు భూమి లేదు, అడవి లేదు, ఈ రోడ్డే ఉంది.

చెత్త విషయంలో మా తప్పు కూడా ఎత్తి చూపండి, వింటాం. ప్లాస్టిక్ కప్పు మానేసి స్టీలు గ్లాసు పెట్టినవాళ్లం ఉన్నాం. కానీ కారు ఆపినవాడు మా గ్లాసులో తాగి, పక్కన కొనుక్కొచ్చిన నీళ్ల సీసా అడవిలో పారేస్తే మేమేం చేయగలం?

నీలక్కల్ స్వామి

గుంటూరు నుంచి రాస్తున్నాను. ఏటా మాల వేసుకుంటాను కాబట్టి ఒక ముక్క చెబుతాను.

శబరిమల కూడా పులుల రిజర్వులోనే ఉంది, పెరియార్‌లో. 2018 వరదల్లో పంపా దగ్గర పార్కింగ్ కొట్టుకుపోయాక బండ్లన్నీ నీలక్కల్‌లో ఆపేశారు. అక్కడి నుంచి పంపాకు కేరళ ఆర్టీసీ బస్సులు, ఒకదాని వెనక ఒకటి. మొదటి ఏడాది మనవాళ్లు ఎంత గోల చేశారో నాకు గుర్తుంది. బస్సులో తోపులాట, టికెట్ ఛార్జీ ఎక్కువ, ముసలివాళ్లకు కష్టం. తర్వాత తర్వాత చిన్న కార్లను పంపా దాకా పోయి జనాన్ని దించి వెనక్కి వచ్చేయడానికి వదిలారు. ఇప్పుడు ఏ స్వామికీ ఇది వింత కాదు. దర్శనానికి స్లాట్ కూడా ముందే తీసుకుంటున్నాం.

కాబట్టి శివయ్య గారు భక్తుడు, టూరిస్టు అని గేటు దగ్గర విడదీయలేమన్నది నిజమే కానీ, విడదీయాల్సిన అవసరమే లేదు. అందరికీ ఒకే బస్సు. నడవలేనివాళ్లకు కారు దించి వెళ్లే వెసులుబాటు. తిరుమలలో గది, దర్శనం, అన్నీ ముందే బుక్ చేసుకునే అలవాటు మనకు ఎప్పుడో వచ్చేసింది. శ్రీశైలానికి మాత్రం ఎందుకు రాదు?

ఆత్మకూరు శివయ్య

స్వామీ, శబరిమలకు సీజను ఉంది. మండలం రోజులు, మకరజ్యోతి, మలయాళ నెల మొదట్లో కొన్ని రోజులు. శ్రీశైలం ఏడాదంతా తెరిచే ఉంటుంది. ఏడాదంతా అన్ని బస్సులు నడిపే శక్తి మన ఆర్టీసీలకు ఉందా? ఇప్పుడున్న బస్సుల్లోనే శివరాత్రికి కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకుంటాం.

అదీగాక రెండు రాష్ట్రాలు. అటు గేటు తెలంగాణది, ఇటు గేటు ఆంధ్రది. గుడి, పాతాళగంగ ఇటు, ఘాట్ సగం అటు. నీళ్ల దగ్గరే తేల్చుకోలేనివాళ్లు బస్సుల దగ్గర తేల్చుకుంటారా?

(ఇక్కడ పోతిరెడ్డిపాడు, ఎడమ గట్టు విద్యుత్తు, నీటి వాటాల మీద వచ్చిన తొమ్మిది జవాబులను వేరే చర్చకు మార్చాం. ఇక్కడ అడవి దారి గురించే రాయండి. నిర్వాహకులు)

సోమశిల తీరం

కొల్లాపూర్ వాణ్ని. అందరూ రోడ్డు మీదే కొట్టుకుంటున్నారు, నీటి మాట ఎవరూ ఎత్తడం లేదు.

శ్రీశైలం జలాశయం అంటే డ్యామ్ దగ్గర కనబడే ఆ కొండల సందు ఒక్కటే కాదు. నిండుమట్టం 885 అడుగులకు చేరితే నీళ్లు మా సోమశిల దాటి ఇంకా ఎగువకు పోతాయి. ఈ ఒడ్డున నిలబడితే కృష్ణ సముద్రంలా కనబడుతుంది. ఎదురుగా సంగమేశ్వరం. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడే గుడి బయటపడుతుంది, లోపల వేపమొద్దు లింగం. ఏడాదిలో సగం రోజులకు పైగా నీళ్లలోనే నాని ఉండి ఆ మొద్దు ఇంకా నిలిచి ఉందంటే చేత్తో తాకి చూస్తే తప్ప నమ్మలేం. నీళ్లు పూర్తిగా దిగాక పాత ఊళ్ల గోడల ఆనవాళ్లు తేలతాయి. ప్రాజెక్టు కింద వందకు పైగా ఊళ్లు మునిగాయి, మా అమ్మమ్మవాళ్లది అందులో ఒకటి. ఇక్కడికి విహారానికి వచ్చేవాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పరు, చెప్పాలి.

జలాశయం చూడటానికి, పడవ ఎక్కడానికి, చేపల పులుసుతో భోంచేయడానికి పులి ఉండే కోర్ గుండా 60 కిలోమీటర్లు పోవాల్సిన పని లేదు. సోమశిలకు రండి. గేట్లు దూకే నీళ్లు చూడాలంటే నాగార్జునసాగర్‌కు 26 గేట్లున్నాయి, అక్కడికి పోయే దారి ఇంత దట్టమైన అడవిలోంచి పోదు. సర్కారు కాటేజీలూ పడవలూ ఈ అంచుల్లో పెంచితే శ్రీశైలం దారి మీద బరువు దానంతటదే తగ్గుతుంది. మా కొల్లాపూర్‌కు నాలుగు రూపాయలూ వస్తాయి.

ఒక్క షరతు. పడవల మీద నిఘా ఉండాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగింది వరద రోజుల్లోనే. ఆ తర్వాత కొన్నాళ్లు అందరూ లైఫ్‌జాకెట్ వేసుకున్నారు. ఇప్పుడు మళ్లీ సెల్ఫీలో బాగా పడదని విప్పేసి చేతిలో పట్టుకుంటున్నారు, సరంగు చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాడు.

బుల్లెట్ బాట

సోమశిల మాట నాకు నచ్చింది. కానీ ఒకటి గమనించండి. కొల్లాపూర్‌లో కాటేజీలు పెంచితే ఆ చుట్టుపక్కల అడవి అంచుకు అదే రద్దీ వస్తుంది. పదేళ్ల తర్వాత అక్కడా ఇదే చర్చ పెట్టుకుంటాం. ఎక్కడికి పోయినా నియమం అమలు చేసే మనిషి లేకపోతే ఫలితం ఒకటే.

చెంచు తమ్ముడు అడిగినదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. వాళ్ల అమ్మను బయటికి పొమ్మని నన్ను లోపలికి రమ్మంటే అది అన్యాయమే.

అచ్చంపేట మాస్టారు

అన్నీ చదివాను. కొన్నింటికి జవాబు రాస్తా.

శివయ్య గారూ, ఏడాదంతా అక్కర్లేదు. మామూలు మంగళవారం ఆ రోడ్డు ఖాళీగానే ఉంటుంది. శని, ఆదివారాలు, వరుస సెలవులు, డ్యామ్ గేట్లు ఎత్తిన రోజులు, ఇవి చాలు. గేట్లు ఎత్తుతారని ఎగువన జూరాల నుంచి వచ్చే వరదను బట్టి ముందే తెలుస్తుంది, ఆ కబురు ఇచ్చినప్పుడే బండ్ల పరిమితి కూడా ప్రకటించవచ్చు. ముసలివాళ్లు, చంటిపిల్లలు, నడవలేనివాళ్లు ఉన్న కార్లను వదలాలి, స్వామి గారు చెప్పిన పద్ధతిలో. సలేశ్వరం జాతర రోజుల్లో చైత్ర పౌర్ణమికి వచ్చే లక్షల మందిని అటవీ శాఖ, పోలీసులు, చెంచు పూజారులు కలిసి నడిపిస్తున్నారు కదా. లోయలోకి దిగే ఆ ఇరుకు దారిలో చేయగలిగినవాళ్లు తారురోడ్డు మీద చేయలేరా?

బుల్లెట్ గారూ, జరిమానాలు వేయాలి, కాదనను. కానీ అందరూ మర్యాదస్తులే అయినా, ఎవరూ ఒక్క కాగితం పారేయకపోయినా, పొద్దున ఆరింటికి వరుసగా వెయ్యి కార్లు పోతుంటే దుప్పి రోడ్డు దాటలేదు. అవతల నీళ్లున్నాయి, ఇవతల అది నిలబడి ఉంటుంది. ఆ మందకు మీ మంచితనం కనబడదు, చక్రాలే కనబడతాయి. సొరంగం మీద, కారిడార్ మీద మీరు రాసింది నాకూ సమ్మతమే, దాని మీద విడిగా చర్చ పెట్టండి, నేనూ వస్తా. పెద్ద తప్పు ఒకటి ఉందని రెండోదాన్ని వదిలేయలేం. కారిడార్ కావాలనేవాళ్లు చూపించే కారణమే ఈ రద్దీ. సగం బండ్లు బస్సుల్లోకి మారితే ఆ వాదనకు కాళ్లుండవు.

దోమలపెంట తమ్ముడూ, బస్సు ఈగలపెంటలో, దోమలపెంటలో కచ్చితంగా ఆగాలి. అరగంట ఆగాలి. కార్లవాళ్లు ఇప్పుడు ఇంటి నుంచి వండుకొచ్చి రోడ్డు పక్కన తింటున్నారు. బస్సులో వచ్చినవాళ్లు నీ దగ్గర తింటారు.

ఇక ఫర్హాబాద్ బిడ్డ అడిగింది. బస్సు ఎవరిది అన్నది నేను ముందే రాయాల్సినంత పెద్ద ప్రశ్న. బైర్లూటి వైపు జంగిల్ క్యాంపుల్లో చెంచులే గైడ్లుగా, వంటవాళ్లుగా పనిచేస్తున్నారు. ఇక్కడ అంతకంటే ముందుకు పోవాలి. బండ్లు చెంచు సంఘాల పేరు మీద ఉండాలి, మన్ననూర్ ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) అప్పు ఇప్పించాలి, పార్కింగ్ వసూలు మొత్తం గ్రామసభ ఖాతాలో పడాలి. లోపల ఉన్నవాళ్లను ఇష్టం లేకుండా కదిలించకూడదన్నది 2006 అటవీ హక్కుల చట్టంలోనే ఉంది. అది అమలు కాకుండా ఈ పరిమితి ఒక్కటే వస్తే నేనే వ్యతిరేకిస్తా.

ఈ అంశాలతో నాగర్‌కర్నూల్ కలెక్టరుకు, అటవీ శాఖకు ఒక వినతిపత్రం రాస్తున్నా. అటువైపు నంద్యాల కలెక్టరుకు శివయ్య గారు పంపగలరా?

ఆత్మకూరు శివయ్య

పరిమితికి నేనింకా ఒప్పుకోలేదు మాస్టారూ. కానీ గేట్లు ఎత్తిన రోజులకు, నడవలేనివాళ్లకు కారు వదిలేటట్టు అని రాసిన ఆ రెండు అంశాల వరకు నా సంతకం పెట్టుకోండి. నంద్యాలకు నేను తీసుకపోతా. పాదయాత్ర దారి జోలికి రాకూడదని ఒక లైను విడిగా చేర్చండి.

అట్లాంటా అరుణ

మరుగుదొడ్లు చేర్చండి. మన్ననూర్, వటవర్లపల్లి, ఈగలపెంట, మూడుచోట్ల, నీళ్లతో. పిల్లలు నడవడానికి గైడుతో ఒక చిన్న కాలిబాట కోర్ చుట్టూ ఉండే బఫర్ ఏరియాలో, కోర్‌లో కాదు. అది కూడా రాయండి. డిసెంబరులో వస్తున్నాను, మా పిల్లలతో బస్సులోనే వెళ్తాను, ఇప్పుడున్న ఆర్టీసీ బస్సైనా సరే.

ఫర్హాబాద్ చెంచు పిల్లగాడు

మాస్టారూ, వినతిపత్రం కలెక్టరుకు పోకముందు మా పెంటల్ల చదివి వినిపించాలె. మా పెద్దోళ్లకు చదువు రాదు, వాట్సాప్‌ల పంపితే కాదు. వచ్చే ఆదివారం అప్పాపూర్ దిక్కు నేను తీసుకపోత. వాళ్లు వద్దంటే ఆ లైను కొట్టేయాలె, కావాలంటే కొత్త లైను రాయాలె. గిట్లయితేనే నేను సంతకం పెడత.

అచ్చంపేట మాస్టారు

వస్తా. ఆదివారం వద్దు, ఆ రోజు రోడ్డు మీద నేనో బండి ఎక్కువవుతా. బుధవారం పొద్దున మన్ననూర్‌లో బస్సు దిగి నీకు ఫోన్ చేస్తా.